ఒక్క క్లెయిమ్ లేదు, అయినా ప్రీమియం పెంచారు: రెన్యువల్‌కి ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నమస్తే అండి. ఐదేళ్లుగా ఒకే కంపెనీలో కారు ఇన్సూరెన్స్ కడుతున్నాను. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఈసారి రెన్యువల్ నోటీసులో పోయినేడు కట్టినదానికంటే 22 శాతం ఎక్కువ వేశారు. ఫోన్ చేసి అడిగితే "సిస్టమ్‌లో అంతే చూపిస్తోందండి" అన్నారు. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో చూసి, దాదాపు సగానికే వస్తోంది, వెంటనే మారిపో అక్కా అంటున్నాడు. మా ఆయనేమో, పాత కస్టమర్లమని రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు బాగా చూసుకుంటారు, మారొద్దు అంటారు. పైగా మా అబ్బాయికి కొత్తగా లైసెన్స్ వచ్చింది. పోయిన నెల పార్కింగ్‌లో స్తంభానికి బంపర్ రాసేశాడు. మా డబ్బుతోనే బాగు చేయించాం, కంపెనీకి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలా? గడువు ఇంకా 24 రోజులుంది. ఏం చేయమంటారు?

సమాధానం: 24 రోజులుంది కదా, మంచి టైములోనే రాశారు. నాకు చాలామంది గడువు రేపనగా రాస్తారు, అప్పుడు కట్టేయండి అనడం తప్ప నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు.

మీరు ఏ దేశంలో ఉంటున్నారో ఉత్తరంలో లేదు. ఈ ఇన్సూరెన్స్ రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కాబట్టి ఎక్కడైనా పనికొచ్చేదే చెప్తాను, తేడా పెద్దగా ఉన్నచోట ఆ దేశం పేరు చెప్తాను, మీకు ఏది వర్తిస్తుందో మీరే తీసుకోండి.

ముందు మీ ఆయన మాట. పాత కస్టమర్లమని క్లెయిమ్‌లో చూసుకుంటారనే నమ్మకం మన ఇళ్లల్లో చాలా గట్టిది, కిరాణా కొట్టు ఖాతాలాగా అనుకుంటాం. కానీ కారు గుద్దుకున్న రోజున నష్టం లెక్కకట్టడానికి వచ్చే సర్వేయర్ మీరు ఎన్నేళ్ల నుంచి కడుతున్నారో చూడడు, పాలసీ కాగితంలో ఏం రాసి ఉందో, బండికి ఏం దెబ్బ తగిలిందో చూస్తాడు. కొన్ని కంపెనీలు చాలాకాలం ఉన్నవాళ్లకి మొదటి యాక్సిడెంట్‌కి ప్రీమియం పెంచం అంటాయి, ఇల్లూ కారూ రెండూ ఒకేచోట ఇన్సూర్ చేస్తే తగ్గిస్తాయి, అలాంటివి ఉంటే అవి నోటీసులో అక్షరాల్లో కనిపించాలి. కనిపించకపోతే లేనట్టే లెక్క.

పైగా కొన్నిచోట్ల పాతవాళ్లం కావడమే మనకి నష్టం. కొత్తవాళ్లని తక్కువ రేటుతో లాక్కోవడం, తర్వాత ఏటా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం, ఎందుకంటే ఉండిపోయేవాడు వేరేచోట చూడడు కాబట్టి. బ్రిటన్‌లో ఈ పద్ధతి ఎంత ముదిరిందంటే అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ దాన్ని 2022 జనవరి 1 నుంచి ఆపేసింది. అదే కంపెనీ, అదే దారిలో (సైట్ ద్వారానో ఏజెంట్ ద్వారానో) వచ్చిన కొత్త కస్టమర్‌కి ఏ రేటు ఇస్తుందో రెన్యువల్ చేసుకునేవాడికి అంతకంటే ఎక్కువ చెప్పకూడదు. అంతకుముందే, 2017 ఏప్రిల్ నుంచి, రెన్యువల్ నోటీసు మీద పోయినేటి ప్రీమియం కూడా ముద్రించాలన్న రూలు అక్కడ ఉంది. అన్ని దేశాల్లోనూ ఇలాంటి రక్షణ ఉంటుందని అనుకోవద్దు. రక్షణ ఉన్నచోట కూడా అది ఒక్క కంపెనీ లోపలి తేడా గురించే, పక్క కంపెనీ ఇంకా తక్కువకి ఇవ్వొచ్చు.

అయితే ఆ 22 శాతమూ మోసమే అనుకోకండి. మీరు క్లెయిమ్ చేయకపోయినా మిగతావాళ్లు చేస్తారు, ప్రీమియం అందరి ఖర్చు మీద కడతారు. ఇప్పటి కార్లకి ముందు అద్దం వెనక కెమెరా, బంపర్‌లో సెన్సర్లు ఉంటాయి. ఒకప్పుడు అద్దం పగిలితే అద్దం మార్చేవాళ్లు, ఇప్పుడు అద్దం మార్చాక కెమెరాని మళ్లీ సరిచేయాలి, దానికి వేరే బిల్లు. చాలామంది నన్ను అడిగేది, కారు పాతబడి విలువ తగ్గింది కదా, ప్రీమియం ఎందుకు తగ్గదు అని. కారు విలువ తగ్గింది కానీ దాని హెడ్‌లైట్ రేటు తగ్గలేదు, మెకానిక్ కూలీ తగ్గలేదు. ఇక మీ కారు వల్ల ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే కట్టాల్సిన పరిహారానికి మీ కారు వయసుతో సంబంధమే లేదు. కాబట్టి కొంత పెరుగుదల అందరికీ వచ్చిందే, కొంత మీ కంపెనీ మీ మీద వేసింది. ఏది ఎంత అన్నది బయట నాలుగుచోట్ల అడిగితేనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ తమ్ముడు చెప్పిన సగం రేటు. ఇక్కడే కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే రెన్యువల్ బేరంలో జనం మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ప్రీమియం నిజంగా తగ్గడం వేరు, కవరేజీ కోసేసి అంకె తగ్గించడం వేరు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అన్నిటికంటే సులువుగా కోసేది కారు విలువని. భారత్‌లో దాన్ని ఐడీవీ అంటారు, కారు పూర్తిగా పోతే లేదా దొంగతనమైతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. సైట్‌లో ఆ విలువని కిందికి జరిపితే ప్రీమియం టపీమని తగ్గుతుంది, కొన్ని సైట్లు అడక్కుండానే కింది అంకెతో మొదలుపెడతాయి. మొదటి ఐదేళ్లకి అక్కడ మామూలుగా వాడే తరుగు పట్టిక ఒకటి ఉంది: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. మీ కారు వయసుకి దీన్ని పెట్టి చూసుకుంటే కోట్‌లో, అంటే కంపెనీ మీకు చెప్పే రేటు కాగితంలో, వేసిన విలువ మరీ కిందకి వెళ్లిందా అన్నది తెలిసిపోతుంది. ఐదేళ్లు దాటితే కంపెనీ, మీరు మాట్లాడుకుని ఒప్పుకున్న అంకె. కొన్ని దేశాల్లో ముందే అంకె ఒప్పుకునే పాలసీ, ఆ రోజు మార్కెట్ విలువ ఇచ్చే పాలసీ అని రెండు రకాలుంటాయి, రెండోదాని ప్రీమియం తక్కువ ఉంటుంది, తక్కువ ఎందుకో కారు పోయినప్పుడు అర్థమవుతుంది.

రెండోది డిడక్టబుల్. బ్రిటన్‌లో ఎక్సెస్ అంటారు, ప్రతి క్లెయిమ్‌లో మొదట మన జేబులోంచి కట్టే మొత్తం అన్నమాట. తప్పనిసరిది ఒకటి ఉంటుంది, దాని పైన మనంతట మనం ఎంచుకునేది ఇంకొకటి. రెండోది పెంచితే ప్రీమియం తగ్గుతుంది. ఇది తప్పేం కాదు, తెలిసి చేస్తే మంచి పద్ధతే. లెక్క ఇలా వేయండి: డిడక్టబుల్ 10 పెంచితే ఏటా 2 మిగులుతుందనుకుంటే, ఐదేళ్లు ఏ యాక్సిడెంటూ లేకపోతేనే మీకు సరికి సరి అవుతుంది, ఆ తర్వాతే లాభం. 10 పెంచితే 5 మిగిలితే రెండేళ్లు చాలు. నేను పెట్టుకున్న హద్దు ఒకటే, రేపు పొద్దున అప్పు చేయకుండా తీసి ఇవ్వగలిగినంత వరకే డిడక్టబుల్.

మూడోది యాడ్-ఆన్లు, అంటే అదనంగా కొనుక్కునే కవర్లు. జీరో డెప్, ఇంజిన్ కవర్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్, తాళం పోతే ఇచ్చేది, ఇలా చాంతాడంత ఉంటుంది. జీరో డెప్ లేకపోతే రిపేరులో మార్చిన ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి కంపెనీ పూర్తి డబ్బు ఇవ్వదు, తరుగు తీసేసి ఇస్తుంది. ఈమధ్య కార్లలో బంపర్ దగ్గర్నుంచి అంతా ప్లాస్టికే కదా, కొత్త కారుకి అది ఉండాల్సిందేనని నా అభిప్రాయం, ఏడెనిమిదేళ్ల కారుకి మాత్రం లెక్క చూసుకోవాలి. వానాకాలంలో నీళ్లు నిలిచే రోడ్ల మీద తిరిగేవాళ్లకి ఇంజిన్ కవర్ అవసరం, మిగతావాళ్లకి అంత కాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కారు తయారీ కంపెనీ ఇచ్చిందో, మీ బ్యాంకు కార్డుతో వచ్చిందో ఓసారి చూసుకోండి, ఒకే సేవకి రెండుచోట్ల కడుతున్నవాళ్లు బోలెడుమంది. కవరేజీని ముట్టకుండా నిజంగా డబ్బు మిగిలేది ఇలాంటి చోటే.

నేనూ ఒకసారి ఇలాగే బోల్తా పడ్డాను లెండి. ఓ ఏడాది తక్కువకి వస్తోందని సంబరంగా కంపెనీ మారాను, ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. నాలుగు నెలలకి ముందు వెళ్తున్న లారీ నుంచి రాయి ఎగిరి అద్దానికి తగిలింది. అప్పుడు పాలసీ తీసి చదివితే అద్దానికి వేరే డిడక్టబుల్ ఉంది, పాత పాలసీలో ఉన్నదానికి రెండింతలు. ఆ ఏడాది మిగిలిందంతా అద్దానికే పోయింది, ఇంకాస్త చేతి నుంచి పడింది. కంపెనీది తప్పు కాదు, కాగితంలో రాసే ఉంది, చదవనిది నేనే.

అందుకే ఈ వారం మీరు చేయాల్సిన మొదటి పని కోట్‌లు తీసుకోవడం కాదు. పాత పాలసీ ముందు పెట్టుకుని ఒక కాగితం మీద కారు విలువ, రెండు డిడక్టబుల్‌లు, ఏ యాడ్-ఆన్లు ఉన్నాయి, అద్దానికి ఏం రాశారు, ఎవరెవరు నడపొచ్చు, ఏడాదికి ఎంత దూరం అని చెప్పారు, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత శాతం, ఇవి రాసుకోండి. అక్కర్లేనివి కొట్టేయండి. మిగిలిన ఆ కాగితమే మీ కొలబద్ద, ఎక్కడ కోట్ అడిగినా అవే అంకెలు ఇవ్వండి. మీ తమ్ముడి కోట్‌ని కూడా దాని పక్కన పెట్టి చూడండి, సగానికి వచ్చినదాంట్లో ఎంత నిజమో అక్కడే తేలుతుంది. ముప్పాతికకి వచ్చినా అది మంచి బేరమే సుమా, తీసిపారేయొద్దు.

నో క్లెయిమ్ బోనస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఐదేళ్లు క్లెయిమ్ లేదన్నారు కాబట్టి మీ దగ్గరున్న అసలు ఆస్తి అదే. భారత్‌లో అయితే మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదో ఏడాదికి 50, అక్కడితో ఆగుతుంది. నోటీసులో 50 పడిందో లేదో చూడండి, 45 వేసి వదిలేసిన నోటీసు నేను కళ్లారా చూశాను. అది ఓన్ డ్యామేజ్, అంటే మీ కారు నష్టానికి కట్టే భాగం మీదే వస్తుంది, థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి కట్టే భాగం మీద రాదు. ఆ థర్డ్ పార్టీ రేటుని అక్కడ ప్రభుత్వమే ఇంజిన్ సైజుని బట్టి నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే, దాని మీద బేరమాడి నోరు నొప్పి పెట్టుకోవద్దు. ఫ్రాన్స్‌లో ఇదే విషయం ఇంకోలా ఉంటుంది: క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికి మీ గుణకం, అంటే ప్రీమియంని హెచ్చించే అంకె, 5 శాతం తగ్గుతుంది, మీ తప్పుతో యాక్సిడెంట్ అయితే ఒక్కసారే 25 శాతం పెరుగుతుంది, అట్టడుగుకి, అంటే 0.50కి చేరడానికి 13 ఏళ్లు పడుతుంది. బోనస్ ఉన్న చాలాచోట్ల అది కంపెనీది కాదు, మీది. కంపెనీ మారితే మీతో వస్తుంది, పాత కంపెనీ నుంచి రుజువు తీసుకుంటే చాలు. భారత్‌లో కారు అమ్మేసినా బోనస్ మీ దగ్గరే ఉంటుంది, కొత్త కారుకి వాడుకోవచ్చు. మారితే బోనస్ పోతుందని ఎవరైనా ఏజెంట్ భయపెడితే నమ్మకండి.

చిన్న దెబ్బలకి క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది కూడా దీంతోనే తేలుతుంది. భారత్ లెక్కే తీసుకుందాం. బోనస్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియం 100 అనుకోండి, మీరు 50 కడుతున్నారు. ఒక్క క్లెయిమ్ చేస్తే బోనస్ సున్నా, వచ్చే ఏడు 100, ఆ తర్వాత 80, 75, 65, 55, మళ్లీ 50. ఏటా కట్టాల్సిన 50 తీసేస్తే అదనంగా పడేది 50, 30, 25, 15, 5, మొత్తం 125. అంటే మీరు ఏటా కట్టేదానికి రెండున్నర రెట్లు. కారు పాతబడేకొద్దీ ఈ అంకె కొంచెం తగ్గుతుంది, బోనస్‌ని కాపాడే యాడ్-ఆన్ ఉంటే వేరే సంగతి. ఉజ్జాయింపుగా దానికి లోపు బిల్లయితే చేతి నుంచి కట్టుకోవడమే మేలు. కాబట్టి బంపర్ విషయంలో మీరు చేసింది తెలివైన పనే.

మరి కంపెనీకి చెప్పాలా అన్నారు. దరఖాస్తులో ప్రశ్న ఎలా ఉందో దాన్ని బట్టి. "గత ఇన్నేళ్లలో ఏమైనా క్లెయిమ్ చేశారా" అని మాత్రమే అడిగితే, చేయలేదు, అంతే. "క్లెయిమ్ చేసినా చేయకపోయినా ఏవైనా యాక్సిడెంట్లు, నష్టాలు జరిగాయా" అని అడిగితే, బ్రిటన్‌లో చాలా ఫారాలు ఇలాగే అడుగుతాయి, అప్పుడు చెప్పాల్సిందే. పాత పాలసీలో కూడా ప్రతి ఘటనా తెలియజేయాలన్న షరతు ఉందేమో చూడండి. స్తంభానికి రాసిన గీత వల్ల ప్రీమియం పెద్దగా పెరగకపోవచ్చు, దాచినట్టు తేలితే మాత్రం రేపు అసలైన యాక్సిడెంట్‌లో క్లెయిమ్ మొత్తమే చిక్కులో పడుతుంది.

మీ అబ్బాయి సంగతి కూడా అంతే. కొన్ని దేశాల్లో పాలసీ కారుకి ఉంటుంది, యజమాని అనుమతితో సరైన లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా సరే, భారత్‌లో మామూలుగా ఇదే పద్ధతి. కొన్నిచోట్ల డ్రైవర్లని పేరుపేరునా రాయాలి, అమెరికాలో అయితే ఇంట్లో లైసెన్స్ ఉన్నవాళ్లందరి గురించీ కంపెనీ అడుగుతుంది. కొత్త లైసెన్స్ కుర్రాడి పేరు చేరిస్తే ప్రీమియం ఎగురుతుంది, అందులో సందేహం లేదు. అందుకని రోజూ వాడు కాలేజీకి తీసుకెళ్లే కారుని మీరే ఎక్కువ నడుపుతున్నట్టు రాయకండి. బ్రిటన్‌లో దీనికి ఫ్రంటింగ్ అని పేరే ఉంది, మోసం కిందికి వస్తుంది, పాలసీ రద్దు చేస్తారు. దానికి బదులు డ్రైవింగ్ తీరుని కొలిచే యాప్ గానీ పెట్టె గానీ పెట్టే పాలసీ ఉందేమో అడగండి, నెమ్మదిగా నడిపే పిల్లలకి అది కలిసొస్తుంది. ఎప్పుడో పండక్కి పబ్బానికి మాత్రమే నడిపేవాడైతే ఏడాదంతా పేరు పెట్టే బదులు ఆ నాలుగు రోజులకి చేర్చే వీలుందా అడగండి.

ఇక ఎప్పుడు కొనాలి. ఆఖరి రోజు వరకు ఆగితే కంపెనీ దయతలచి తగ్గిస్తుందని కొందరి ఆశ. జరిగేది తలకిందులు. బ్రిటన్‌లో మూడు నాలుగు వారాల ముందు తీసుకున్న కోట్‌లే తక్కువకి వస్తాయి, గడువు ముందురోజు పరిగెత్తేవాడిని అక్కడి కంపెనీలు నిర్లక్ష్యంగా ఉండే మనిషి కింద లెక్కేస్తాయి. అమెరికాలో కూడా ముందుగా కోట్ తీసుకున్నవాళ్లకి డిస్కౌంట్ ఇచ్చే కంపెనీలున్నాయి, అక్కడ చాలా పాలసీలు ఆరు నెలలవే కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ అవకాశం వస్తుంది. జర్మనీలో ఎక్కువ పాలసీలు జనవరి 1న మొదలవుతాయి, మారాలంటే పాతదానికి నవంబరు 30 లోపు రద్దు లేఖ చేరాలి, ప్రీమియం పెంచితే మాత్రం నోటీసు అందాక ఒక నెల వ్యవధి ఇస్తారు. మీకు 24 రోజులున్నాయి, ఎక్కడున్నా సరే ఈ వారమే కోట్‌లు తీసుకోండి.

పోల్చిచూపే సైట్లు రెండు చూడండి, ఒక్కటి చాలదు, ఎందుకంటే అన్ని కంపెనీలూ అన్ని సైట్లలో ఉండవు. ఒకటి రెండు కంపెనీల సొంత సైట్లు కూడా చూడండి. తక్కువ రేటు పైన కనిపించేలా పేర్చుతారు కాబట్టి పై వరుసలో ఉండేది చాలాసార్లు కోతలు కోసిన పాలసీయే అవుతుంది, మీ కాగితం పక్కనే ఉండాలి. ముందే టిక్కులు పెట్టి ఉంచిన గడులు తీసేయండి. (ఫోన్ నంబరు ఇచ్చాక వచ్చే కాల్స్ వరదకి నేను బాధ్యుణ్ణి కాదు.) తెలిసిన ఏజెంట్ ఉంటే ఆయన్నీ అడగండి, కమీషన్ వస్తుందని చిన్నచూపు చూడకండి, యాక్సిడెంట్ రోజున ఫోన్ ఎత్తే ఏజెంట్‌కి విలువ ఉంది, అంకెలు మాత్రం మీ కాగితంలోవే ఉండాలి.

కొత్త కంపెనీ క్లెయిమ్‌ల విషయంలో ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంటర్నెట్ రివ్యూల కంటే మంచి మార్గం ఒకటుంది. మీ కారు రిపేరు చేసే గ్యారేజీలో బిల్లులు చూసే మనిషిని అడగండి, ఏ కంపెనీ సర్వేయర్ త్వరగా వస్తాడు, ఎవరు ప్రతి బోల్టుకీ పేచీ పెడతారు, ఎవరు డబ్బులు ఆలస్యం చేస్తారు అని. రోజూ వాళ్లతో తలపడేది ఆయనే. ఆ గ్యారేజీ కొత్త కంపెనీ క్యాష్‌లెస్ జాబితాలో (బిల్లు కంపెనీయే నేరుగా కట్టే గ్యారేజీల జాబితా) ఉందా అనేది కూడా అక్కడే తెలుస్తుంది.

చేతిలో రెండు మూడు మంచి కోట్‌లు వచ్చాకే పాత కంపెనీకి ఫోన్ చేయండి. పోయినసారి మీరు వట్టి చేతులతో చేశారు, అందుకే సిస్టమ్ పేరు చెప్పి తప్పించుకున్నారు. ఈసారి ఆ మాట అంటే కోపం తెచ్చుకోకుండా, "సరేనండి, సిస్టమ్‌లో నా గురించి ఏం వివరాలున్నాయో ఒకసారి చదివి వినిపించండి" అనండి. తమాషా అనుకోకండి, ఎన్నోసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. కారు మోడల్‌లో ఖరీదైన వేరియంట్ ఎక్కించడం, పాత అడ్రసు, ఎప్పుడో ఆఫీసుకి కారులో వెళ్లిన రోజుల కిలోమీటర్లు, ఇల్లు వదిలి వేరే ఊరికి వెళ్లిపోయిన బంధువు పేరు ఇంకా డ్రైవర్ల జాబితాలో ఉండడం. మీరు ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తుంటే తిరిగే దూరం సగమై ఉండొచ్చు, తక్కువ తిరిగేవాళ్లకి తక్కువ ప్రీమియం ఉండే పాలసీలు చాలాచోట్ల వచ్చాయి. కాలిఫోర్నియాలో అయితే 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 103 ప్రకారం రేటు కట్టేటప్పుడు డ్రైవింగ్ చరిత్ర తర్వాత చూడాల్సింది ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారన్నదే. దూరం మాత్రం నిజం చెప్పండి, ఓడోమీటర్ అబద్ధమాడదు.

వివరాలు సరిచేశాక కూడా తేడా ఉంటే, "ఇదే విలువకి, ఇదే డిడక్టబుల్‌తో ఫలానాచోట ఇంత చెప్పారు, మీరు ఎంతవరకు రాగలరు" అని సూటిగా అడగండి. మాట్లాడే మనిషికి తగ్గించే అధికారం లేకపోతే, పాలసీ మానేసేవాళ్ల కాల్స్ చూసే విభాగానికి కలపమనండి, తగ్గించగలిగే చెయ్యి ఉంటే గింటే అక్కడే ఉంటుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, కంపెనీ ఎందుకు పెడుతుంది. అబద్ధపు కోట్ చెప్పకండి, కాపీ పంపమంటారు. తగ్గించామని అంటే దేన్ని తగ్గించారో వెంటనే అడగండి, కారు విలువ తగ్గించి ప్రీమియం తగ్గించామని చెప్పే ఘనులున్నారు. ఒప్పుకున్నది మెయిల్‌లో పెట్టమనండి. కొత్తదానికంటే పాతది ఓ నాలుగైదు శాతం ఎక్కువైనా, గ్యారేజీ మనిషి వాళ్లే నయమంటే నేనైతే ఉండిపోతాను. అంతకు మించితే మారిపోతాను.

డబ్బు ఒకేసారి కట్టండి, వీలైతే. నెలనెలా కట్టడమంటే చాలా కంపెనీల్లో అది వడ్డీతో కూడిన అప్పు, మీరు కష్టపడి బేరమాడి తగ్గించింది వడ్డీ కిందే పోతుంది.

మారుతున్నట్టయితే కొత్త పాలసీ చేతికి వచ్చాకే పాతదాన్ని వదలండి, కొత్తది పాతది ముగిసే క్షణం నుంచే మొదలవ్వాలి, మధ్యలో ఒక్క పూట కూడా ఖాళీ ఉండకూడదు. భారత్‌లో గడువు దాటితే కారుని మళ్లీ తనిఖీ చేయించుకోవాలంటారు, 90 రోజులు దాటితే మీ 50 శాతం బోనస్ గాలికి పోతుంది. బ్రిటన్ లాంటి చోట్ల పాలసీ దానంతటదే రెన్యువల్ అయి కార్డు నుంచి డబ్బు పోయే పద్ధతి ఉంది, దాన్ని ముందే ఆపించండి, లేకపోతే ఒకే కారుకి రెండు పాలసీలు నెత్తిన పడతాయి. పొరపాటున అలా అయినా అక్కడ 14 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు, వాడుకున్న రోజులకీ, చిన్న ఫీజుకీ పోను మిగతాది వెనక్కి వస్తుంది.

కొత్త పాలసీ మెయిల్‌లో రాగానే బండి నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, మీ పేరు, బోనస్ శాతం ఆర్సీ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి, తేడా ఉంటే ఆ రోజే రాయండి. ఇంతకీ మీ తమ్ముడి కోట్‌లో కారు విలువ ఎంత వేశారో చూశాక నాకో ముక్క రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.